గుండె లయ మాత్ర వేసుకున్నన్నాళ్లూ, ఆపాక కూడా

నాకొచ్చింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పైగదులు తాళం తప్పి కొట్టుకోవడం. డాక్టర్ రాసింది అమియోడరోన్ 200 మిల్లీగ్రాములు: మొదటి వారం రోజుకు మూడు, రెండో వారం రెండు, ఆపైన ఒకటి. దడ తగ్గింది. అసలు పని అప్పుడే మొదలైంది.

ఒక్కో మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావాల్సింది 0.15 మాత్రమే. అందుకే థైరాయిడ్ మందగించొచ్చు, రెచ్చిపోనూవచ్చు. మాత్రకు ముందే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్), లివర్ పరీక్ష, పొటాషియం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే తీయించారు. థైరాయిడ్, లివర్ ఆరు నెలలకోసారి చూడాలి. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ కాస్త పెరిగి దానంతటదే దిగడం మామూలే. నాకు 7 వస్తే, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4 బాగుందని మందేమీ రాయలేదు. ఆరు వారాలకు 4 లోపుకొచ్చింది.

నన్ను ఇబ్బంది పెట్టింది వార్ఫరిన్, రక్తం గడ్డకట్టకుండా నేను వేసుకునే మరో మాత్ర. అది లివర్‌లో కరిగిపోకుండా అమియోడరోన్ అడ్డుకుంటుంది, అదీ ఒక్కరోజులో కాదు, వారాల తరబడి. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ 2, 3 మధ్య ఉండాల్సింది 4.1కి పోయింది. పొద్దున పళ్లు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వచ్చింది. డాక్టర్ వార్ఫరిన్‌ను మూడో వంతు తగ్గించి, వారం వారం రక్తం చూశారు. వార్ఫరిన్ పనిని తగ్గించే ఆకుకూరలు మానొద్దన్నారు, వారమంతా ఒకే తీరుగా తినమన్నారు.

నాడి మణికట్టు దగ్గర నిండు నిమిషం లెక్కపెట్టాలి. లయ తప్పినప్పుడు పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది.

మోషన్లయితే పొటాషియం పడిపోతుంది, ఆ స్థితిలో ఈ మాత్ర ప్రమాదకరమైన దడ తెప్పించగలదు. మందుల షాపులో 'ఏం కాదులేన్నా' అని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ చేతిలో పెడతారు. అదీ అమియోడరోన్‌లాగే ఈసీజీలో క్యూటీని, అంటే గుండె ఒక్కో దెబ్బ కొట్టి తేరుకునే సమయాన్ని, సాగదీసేదే. అమియోడరోన్ వాడుతున్నానని ముందే చెప్పాలి.

ఈ మాత్ర ఊపిరితిత్తులనూ దెబ్బతీయగలదు. పొడి దగ్గొస్తే మా అనంతపురంలో బుడ్డల (వేరుశెనగ) దుమ్మనుకుంటాం. మెట్లెక్కితే ఆయాసం కూడా ఉంటే ఊపిరితిత్తులు చూపించుకోవాలి. ఈ మాత్ర వల్ల ఎండకు చర్మం మండుతుంది. కిటికీ అద్దం ఆపదు, బస్సులో కూడా నిండు చేతుల చొక్కానే.

లయ నిలబడ్డాక డాక్టరే మాత్ర ఆపించారు. ఒంట్లోని మందు సగమవడానికే సుమారు యాభై రోజులు పడుతుంది. ఇప్పుడది తగ్గేకొద్దీ వార్ఫరిన్ మళ్లీ పెంచాల్సి వస్తోంది. ఐఎన్‌ఆర్ చీటీలు ఇంకా గోడకే వేలాడుతున్నాయి.