తప్పు సినిమాదా, తెరదా?

కొత్త సినిమా చూసొచ్చి "ఫొటోగ్రఫీ చీకటిగా ఉంది, మాటలు వినబడలేదు" అని రాసే ముందు ఒక్కసారి ఆగాలి. ఆ ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం సినిమా తీసినవాళ్లు కాదు, హాలు.

2డి షోకి తెర మీద వెలుగు 14 ఫుట్‌లాంబర్ట్‌లు (తెర వెలుగుని కొలిచే యూనిట్) ఉండాలన్నది ప్రమాణం. 3డి షో అయ్యాక ప్రొజెక్టర్ ముందున్న పోలరైజర్ అనే 3డి ఫిల్టర్‌ని తీయడం మరిస్తే, తర్వాతి 2డి షోలో వెలుగు బాగా పడిపోతుంది. రాత్రి సీన్లు బురదలా కనిపిస్తాయి. దీపం పాతబడినా అంతే. పట్టుకోవడం తేలిక: పగటి సీన్లలో ఆకాశం కూడా మసగ్గా ఉంటే తప్పు చాలావరకు హాలుదే. పగలు బాగుండి రాత్రే తెలియకపోతే అప్పుడు కెమెరామన్‌ని అడగొచ్చు.

మాటలు ఎక్కువగా తెర వెనకున్న మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. పాటలు హోరెత్తిపోతూ మాటలు మాత్రం గొణుగుడులా ఉంటే ఆ స్పీకర్‌నే అనుమానించాలి. సినిమా సౌండ్ మిక్సింగ్ చేసేది, హాల్లో ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే కంట్రోల్) 7 దగ్గర ఉంటుందనుకుని. సౌండ్ ఎక్కువైందని ప్రేక్షకులు గోల చేస్తారని చాలా హాళ్లు దాన్ని తగ్గించి నడుపుతాయి. అలా తగ్గిస్తే ముందు మాయమయ్యేవి గుసగుసలే.

ఇక సీటు. తెర నుంచి వెనక్కి మూడింట రెండు వంతుల దూరంలో, నడిమధ్య కూర్చున్నవాళ్ల మాటకి సౌండ్ విషయంలో విలువెక్కువ. గోడ పక్క సీట్లో కూర్చుంటే ఆ పక్క స్పీకరే చెవిలో మోగుతుంది.

కథ నచ్చలేదంటారా, దానికి ప్రొజెక్టర్‌ని తిట్టి లాభం లేదు.