దాజాయ్‌లో కొర్ర గంజి

చైనాలోని యాంగ్‌చువాన్‌లో రైలు దిగగానే, దాజాయ్ ఊరికి తీసుకెళ్లడానికి కారతను 400 యువాన్లు అన్నాడు. బేరమాడితే 350కి వచ్చాడు. మన డబ్బుల్లో నాలుగు వేల పైమాటే. ఒక పల్లెటూరు చూడ్డానికి ఇంతా అని మా ఆవిడ మొహం ముడుచుకుంది. బీజింగ్, గోడ, షియాన్ మట్టి సైనికుల గురించి అందరూ రాసేశారు కాబట్టి అవి వదిలేస్తున్నా.

మా నాన్న అనంతపురం జిల్లాలో బడిపంతులు. చైనా నుంచి వచ్చే బొమ్మల పత్రికలోంచి ఒక పేజీ చించి గోడకు అంటించుకున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు, వెనక మెట్లు మెట్లుగా పొలాలు. ఆ రైతు దాజాయ్ ఊరి కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి చెన్ యుంగ్‌గుయ్. 1964లో మావో ‘వ్యవసాయంలో దాజాయ్‌ని చూసి నేర్చుకోండి’ అన్నాక దేశం దేశమే ఈ ఊరి దారి పట్టింది. పెద్దగా చదువు లేని ఆయన 1975లో ఉపప్రధాని కూడా అయ్యాడు. ‘కొండను చదును చేసినారు రా, చేతుల్తో’ అనేవాడు నాన్న. ఆ ఊపులోనే మా మెట్ట చేనుకు రాతిగట్టు కట్టించాడు. మొదటి పెద్ద వానకే కొట్టుకుపోయింది. అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

తీరా దాజాయ్ చేరితే వీధి పొడవునా దుకాణాలే. మావో బ్యాడ్జీలు, ఎనామిల్ లోటాలు, గిఫ్ట్ ప్యాక్‌లో కొర్రలు! కిలో కూడా లేని డబ్బా 68 యువాన్లు. చిన్నప్పుడు బీదవాళ్ల తిండని మేం దాచుకుని తిన్న కొర్రలు హైదరాబాద్‌లో ఆర్గానిక్ అయ్యాయి, ఇక్కడ విప్లవ జ్ఞాపిక అయ్యాయి.

మ్యూజియంలో 1963 వరద గురించి చాలా ఉంది. ఇళ్లూ పొలాలూ పోయినా ఊరు ప్రభుత్వం ఇస్తానన్న తిండిగింజలు, డబ్బు, సామాను ఏదీ తీసుకోలేదట. అంతకు కొన్నేళ్ల ముందే 1958లో మొదలైన ‘గ్రేట్ లీప్’ (దేశాన్ని ఒక్క గెంతులో ముందుకు దూకించాలన్న మావో కార్యక్రమం) తెచ్చిన కరువులో కోట్లలో జనం చనిపోయారు. అలాంటప్పుడు ‘మాకేమీ వద్దు’ అన్న ఊరు పైవాళ్లకు ఎంత ముద్దొచ్చి ఉంటుందో! దాజాయ్‌ని చూసి మిగతాచోట్ల అడవులు నరికారు, చెరువులు పూడ్చారు, రైతుల సొంత పెరటి మడులు లాగేసుకున్నారు. మావో పోయాక 1980లో పార్టీయే ఈ ఊరి లెక్కలు పెంచి చెప్పినవనీ, బయటి సాయం బాగానే అందిందనీ తేల్చింది. ఆ సంగతి నాకు ఏ గోడ మీదా కనపడలేదు.

ఆకలేసి ఒక చిన్న హోటల్లో దూరాం. గంజి తెచ్చిన ముసలావిడకు ఎనభై దగ్గర ఉంటాయి. పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చిందట. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడాం. అది ‘కావడి’ని ‘భుజం కర్ర’ అంటే ఆవిడ లేచి నిలబడి మోసి చూపించింది. మట్టి, రాళ్లు, పేడ, అన్నీ కావడి మీదే. సాయంత్రం మీటింగ్‌లో ఎవరి పని ఎంతో వాళ్లే లేచి చెప్పాలి, అందరూ తేల్చాలి. గట్టి మగాడికి రోజుకు పది పాయింట్లు, ఆ లెక్కనే పంటలో వాటా. ‘మీకు?’ అన్నా. ఆరు వేళ్లు చూపించి, ఒక వేలు మడిచి, మళ్లీ తెరిచి నవ్వింది. గంజి మాత్రం అచ్చం మా అవ్వ కాచినట్టే ఉంది. ఉప్పే లేదు.

మా గట్టు కథ చెప్పా. పగలబడి నవ్వింది. ఇక్కడ తోడేలు గుంట అనే వాగుకు కట్టిన గోడ కూడా రెండేళ్లు వరసగా కొట్టుకుపోయిందట. మూడోసారి గోడను తిన్నగా కాకుండా వంపుగా కట్టారు, వంపు వరద వచ్చే వైపుకి. టేబుల్ మీద ఒలికిన గంజిలో వేలితో విల్లులా గీసింది. పత్రిక బొమ్మలో అదెక్కడుంది?

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశా. ‘వంపా?’ అని చాలాసేపు ఊరుకున్నాడు. కారతను హారన్ కొడుతున్నాడు, వెయిటింగ్ చార్జీ అడుగుతాడేమోనని నాకు టెన్షన్.

‘సున్నం పెట్టినారంటనా, ఉత్త రాళ్లేనా? పోయి అడుగు’ అన్నాడు నాన్న.