ఏ జెర్సీ వేసుకోవాలి?

ఆదివారం పొద్దున మ్యూనిక్ ఒలింపిక్ పార్క్‌లో మావాడి పరుగు ప్రాక్టీసు. వాడికి పదకొండేళ్లు. నేనూ, వాడి స్నేహితుడి నాన్నా గట్టు మీద కూచుని కాపలా కాస్తాం. ఆయన సెర్బియా మనిషి. నా టిఫిన్ బాక్సులో పులిహోర సగం ఆయనకే పోతుంది, ఎండు మిరపకాయలు ఏరి మూత మీద వరసగా పేరుస్తాడు.

ఆ రోజు మావాడు స్పైక్స్ విప్పుతూ, "అమ్మా, నేను ఒలింపిక్స్‌కి వెళ్తే ఏ జెర్సీ వేసుకోవాలి?" అన్నాడు. "ముందు ఆ లేస్ ముడి విప్పు నాన్నా" అన్నాను. జర్మన్ పాస్‌పోర్ట్ తీసుకుంటే మన పాస్‌పోర్ట్ వదులుకోవాలి. ఆ దరఖాస్తు రెండేళ్లుగా మా అల్మారాలోనే ఉంది మరి.

ఆయన నవ్వి, "మా జనరల్ కథ విను" అన్నాడు.

స్వెతోమిర్ జుకిచ్. 1910లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా ఒలింపిక్ క్లబ్ పెట్టించిన కుర్ర సైనికాధికారి. రెండేళ్లకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు. 1912లో స్టాక్‌హోమ్‌కి సెర్బియా పంపింది ఇద్దరినే: వంద మీటర్లకి దుషాన్ మిలోషెవిచ్, మారథాన్‌కి ద్రాగుతిన్ తొమాషెవిచ్. ఆ అక్టోబరుకే బాల్కన్ యుద్ధం. తర్వాత ప్రపంచ యుద్ధం, 1915లో తొమాషెవిచ్ అందులో పోయాడు. "మారథాన్ పరిగెత్తినాయనా!" అని మావాడు నోరు తెరిచాడు.

ఈలోపు దేశం పేరే మారింది. 1918లో సెర్బులు, క్రోయేట్లు, స్లొవీన్ల రాజ్యం, 1929లో యుగోస్లావియా. కమిటీలో జుకిచ్ మాత్రం 1948 దాకా ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చెత్నిక్‌ల వైపు, అంటే మిహైలొవిచ్ నడిపిన, రాజు పక్షాన నిలిచిన సెర్బ్ గెరిల్లాల వైపు నిలిచాడు. కమ్యూనిస్టులు గెలిచాక ఇంటికి దారి లేదు. 1960లో ఈ ఊళ్లోనే, మ్యూనిక్‌లోనే, పోయాడు.

"ఆయన మంచివాడా, చెడ్డవాడా?"

పెద్దమనిషి మూత మీది మిరపకాయలు సర్దుతూ కాసేపు ఊరుకున్నాడు. "మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. మా ఆవిడ వాళ్లది తూర్పు బోస్నియా" అన్నాడు. అక్కడి ముస్లింలను చెత్నిక్‌లు ఊచకోత కోసిన సంగతి దారిలో ట్రామ్‌లో నేనే వాడికి చెప్పాను. దాచాలనిపించలేదు. అలాగని ఆ జనరలే చంపాడని వాడు అనుకోకుండా చెప్పడానికి నానా తంటాలు పడ్డాను.

సాయంత్రం వీడియో కాల్‌లో మా మామయ్యగారు. ఆయన 1950లో నల్గొండ దగ్గర పల్లెలో పుట్టారు.

"తాతా, మీ దేశం పేరు ఎప్పుడైనా మారిందా?"

"దేశం కాదురా, రాష్ట్రం. నేను పుట్టినప్పుడు హైదరాబాద్ రాష్ట్రం. 1956ల ఆంధ్రప్రదేశ్ అయింది, 2014ల తెలంగాణ. ఇల్లు మాత్రం గదే, గా యాపచెట్టు పక్కనే."

"మరి నువ్వు ఎవరి తరఫున ఆడేవాడివి?"

"మా బడి తరఫున. కబడ్డీ." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఇంతకీ నూరు మీటర్లు ఎన్ని సెకన్లల్ల ఉరికినవ్‌రా?"

ఫోను నా చేతిలో పడేసి, స్టాప్‌వాచ్ తేవడానికి వాడు లోపలికి పరిగెత్తాడు.