నొప్పి లేని కన్ను

ఇవాళ సగం రోజు కంటాసుపత్రి కుర్చీలోనే గడిచిపోయింది. నెలన్నర కిందట ఉన్నట్టుండి ఎడమ కంట్లో నల్లటి సున్నా ఒకటి తేలడం మొదలైంది. దాంతోపాటు చీకట్లో తల తిప్పితే చాలు, కంటి చివర చురుక్కున మెరుపు. ఆ రోజే వెళ్లి చూపించుకున్నా. ఫరవాలేదన్నారు గానీ మళ్లీ రమ్మన్నారు. "కంటి వెనక పొరలో ఇవాళ చిరుగు లేదంటే ఇక రాదని కాదండీ, ఈ నెలన్నరే కాస్త జాగ్రత్తగా ఉండాలి" అంది డాక్టరమ్మ. అందుకని సెలవు పెట్టి, స్కూటీ ఇంట్లోనే వదిలేసి ఆటోలో వెళ్లా. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక ఎలాగూ నాలుగైదు గంటలు బండి నడపలేం.

చుక్కలు వేసే అమ్మాయి "తలెత్తండాంటీ, పైకి చూడండి" అంటూ వరసలో అందరికీ వేసుకుంటూ పోతుంది. మొదటి చుక్క భగ్గుమంటుంది, రెండోదానికి అంత ఉండదు. చేతిలో దూది ముక్క పెట్టి "కళ్లు మూసుకోండి, ఫోన్ చూడొద్దు" అంటుంది. చూద్దామన్నా కనబడితేగా! కాసేపటికే వాట్సాప్ అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఇక మిగిలింది చెవులే.

నా పక్కన నల్గొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన కూతురు. ఏమైందని అడిగితే ఆయనే చెప్పాడు. "మొదలు కంటి ముంగట దోమలు తిరిగినట్టయింది బిడ్డా. గవి పోనేలేదు. ఆటెన్క ముక్కు దిక్కున నల్లగ తెర లెక్క లేశింది. జర్రంత నొప్పన్న లేకుండె. నాట్లయినంక పోదామని ఊకున్న." కూతురు ఊరుకోలేదు. "మెడికల్ షాపుల చుక్కల మందు కొనుక్కొని ఏసుకుండు మేడం, మాకొక్క మాట చెప్పలే" అంది. రెటీనా, అంటే కంటి వెనక వెలుగు పట్టే పొర, విడిపోయి మధ్య భాగం దాకా వచ్చేసిందట. రేపే ఆపరేషన్. అతుక్కుంటుందట గానీ, చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారట.

జర్రంత నొప్పి కూడా లేదన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. మనకి జబ్బంటే నొప్పి. పంటి నొప్పికి అర్ధరాత్రి ఎవరినో ఒకరిని లేపుతాం. కంట్లో దుమ్ము పడితే ఇల్లంతా హడావిడి చేస్తాం. రెటీనాకి నొప్పి తెలిపే నరాలే లేవు. దాన్ని లాగినా, గిల్లినా, చింపినా దానికి తెలిసిన జవాబు ఒక్కటే, వెలుగు. ఆ మెరుపే దాని కేక.

కంటి లోపలంతా విట్రియస్ అనే జిగురు పదార్థం నిండి ఉంటుంది, చాలావరకు నీళ్లే. యాభై, అరవై దాటాక అది పలచబడి, కుంచించుకుపోయి, వెనకున్న రెటీనా నుంచి మెల్లగా ఊడి వస్తుంది. నాలాంటి మైనస్ ఆరు పవర్ అద్దాల వాళ్లకీ, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకీ, కంటికి దెబ్బ తగిలినవాళ్లకీ ఇంకా ముందే. పెద్దాయనకీ శుక్లం తీయించుకున్న కన్నేనట అది. ఊడిపోవడం మామూలే, తల నెరవడం లాంటిదే. అలా వస్తూ వస్తూ ఎక్కడైనా గట్టిగా అంటుకుని రెటీనాని చింపితేనే గొడవ. కొత్తగా మెరుపులూ మచ్చలూ వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరిద్దరిలో అలా చిరుగుతుందట. చిరుగు దశలోనే దొరికితే ఓపీలోనే లేజర్ కొట్టించుకుని ఇంటికెళ్లిపోవచ్చు. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే పెద్దాయన చెప్పిన తెర.

ఎదురు బల్ల మీద ఒక కుర్రాడు మోకాళ్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద నుదురు ఆనించి కూర్చున్నాడు. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారట, ఆ బుడగ పైకి తేలి రెటీనాని నొక్కిపట్టాలంటే ముఖం నేలకే ఉండాలి. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు కూడా, పైకి వెళ్తే ఉబ్బుతుందట. వాళ్లమ్మ స్ట్రా వేసిన కొబ్బరిబొండం కిందనుంచి అందిస్తుంటే, వాడు "ఇంకెంతసేపమ్మా" అని నేలనే అడుగుతున్నాడు.

నా పిలుపొచ్చేసరికి ఒంటిగంట. డాక్టరమ్మ తలకి లైటు పెట్టుకుని, చేతిలో లెన్సుతో ఆ వెలుగంతా నా కంట్లోకి దించింది. పైకి, కుడి పైకి, కుడికి, కిందకి అని అన్ని దిక్కులూ చూపించింది. మధ్యలో రెప్ప అంచున సన్నటి కడ్డీతో నొక్కింది. బాధేం కాదు గానీ చిరాకే. చిరుగేం లేదు. ఆ నల్లటి సున్నా, కంటి నరం దగ్గర అంటుకుని ఉన్న జిగురు ఊడి వచ్చిన వలయమట. అది పోదు, అలవాటవుతుంది. తెల్లగోడ చూసినప్పుడే గుర్తొస్తోంది ఇప్పటికే.

సాయంత్రం వైజాగ్ నుంచి అక్క కూతురు ఫోన్. గొంతులో వణుకు. "పిన్నీ, కళ్ల ముందు వంకరటింకర గీత మెరుస్తా పెద్దదైపోతోంది. నీకొచ్చిందేనా?" ఒక్కో కన్నూ మూసి చూడమన్నా. "రెండిట్లోనూ ఉంది. రెండూ మూసినా ఉంది." అయితే అది కంటిది కాదు, మెదడుది. వాళ్లమ్మకీ ఒంటి తలనొప్పి, అదే మైగ్రేన్, ఉంది. కూర్చోమని లైన్లోనే ఉన్నా. ఇరవై నిమిషాలకి గీత పక్కకి జరిగి పోయింది, వెనకే తలనొప్పి వచ్చింది. మైగ్రేన్ అయ్యుంటుంది గానీ మొదటిసారి కాబట్టి రేపు డాక్టరుకి చూపించమన్నా. చెయ్యి తిమ్మిరెక్కినా, మాట తడబడినా, గంట దాటినా నాకు ఫోన్ చెయ్యొద్దు, 108కి చెయ్యమన్నా.

కన్ను ఎర్రబడి, పోటు పెట్టి, లైటు చుట్టూ రంగుల వలయాలు కనబడి వాంతులైతే ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెడతాం. నాకు భయం, చప్పుడు చెయ్యకుండా వచ్చేవాటితోనే. తలుపు అంచు వంకరగా కనబడటం. ఒక కన్నుకి రెండు నిమిషాలు చీకటై మళ్లీ వెలుగు రావడం. రెండోది మరీ మోసం, తగ్గిపోయిందిగా అని టీ తాగుతూ కూర్చుంటాం, అదేమో పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. షుగరున్నవాళ్లకి ఉన్నట్టుండి పొగ కమ్మినట్టయితే లోపల రక్తం కారి ఉండొచ్చు. వీటిలో ఏదీ నొప్పి పెట్టదు.

పనిలో పనిగా అద్దాల పవర్ కూడా చూడమని అడిగా. చుక్కలున్నప్పుడు సరిగ్గా తేలదట, ఇంకో రోజు రమ్మన్నారు. అంటే ఇంకో సెలవు. మేనేజరుకి రేపు చెప్పాలి.