కిరోసిన్ డబ్బాల లైన్

డల్లాస్‌లో రాత్రి తొమ్మిదిన్నర. హన్మకొండలో పొద్దున ఎనిమిది. అక్క కొడుకు వీడియో కాల్ చేసిండు.

"మామా, నా వెబ్ పేజీ ఫారంల పెట్టెలకున్న ఎర్ర గీతలన్నీ తీసెయ్యమని కోడ్ రాస్తే సగమే పోతున్నయ్. రెండోది, నాలుగోది అట్లనే ఉంటున్నయ్."

నవ్వొచ్చింది. 2018లో అచ్చం ఇదే తప్పుతోని నాకు రెండు రాత్రులు నిద్రలేదు. పక్క సీటాయనను అడిగితే ఐదు నిమిషాల పని. అడగలేదు. ఇది కూడ తెల్వదా అంటరేమోనని భయం. హెచ్-1బీ మీద ఉన్నోడికి కొలువు పోతే ఉండేది 60 రోజుల గడువు, ఆ లెక్క ఎప్పుడూ తలల తిరుగుతనే ఉంటది.

వాని జావాస్క్రిప్ట్ కోడ్ చూసిన. గెట్‌ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్‌ అనే కమాండుతోని 'ఎర్రర్' క్లాస్, అంటే ఎర్ర గీత తెప్పించే పేరుచీటీ, ఉన్న పెట్టెలన్నీ తెచ్చుకొని, సున్నా నుంచి, అంటే మొదటిదాని నుంచి, లూప్ తిప్పుకుంట ఒక్కోదానికి ఆ క్లాస్ తీసేస్తున్నడు. పైకి చూస్తే తప్పే కనవడదు.

"చిన్నప్పుడు మా వాడల రేషన్ షాపు ముంగట కిరోసిన్ డబ్బాలు లైన్ల పెట్టేటోళ్లం. ఒకటి నిండి పోంగనే మిగిలినయన్నీ ముందుకు జరుపుదురు. అంటే రెండోది మొదటి జాగల కొచ్చింది. షాపాయన చూడకుంట 'ఇగ రెండో డబ్బా' అన్నడనుకో, ఆయన చేతికొచ్చేది ఏది?"

"మూడోది."

"మరి రెండోదాని గతి?"

వాడు నోరు తెరిచిండు.

నువ్వు తెచ్చుకున్న జాబితా ఆ లైన్ లాంటిదేరా అన్న. క్లాస్ తీసిన క్షణమే పెట్టె అందుల నుంచి జారిపోతది, వెనుకవి ముందుకు జరుగుతయ్. దాని బదులు ఇంకో కమాండ్ ఉంది: క్వెరీసెలెక్టర్‌ఆల్ ఇచ్చేది ఆ లైన్‌కు తీసిన ఫొటో, బయట డబ్బాలు జరిగినా ఫొటోల జరగయి. లేదంటే పాతదే ఉంచి లూప్ వెనుక నుంచి తిప్పినా సరిపోతది. ఆ కొత్త కమాండ్ వాడితే మాత్రం క్లాస్ పేరు ముందు చుక్క మర్చిపోవద్దన్న. పాతదానికి చుక్క వద్దు, దీనికి కావాలె. పెట్టకపోతే అది ట్యాగ్ పేరు, అంటే పేజీల ఒక రకం భాగం పేరు అనుకొని ఖాళీ జాబితా ఇస్తది, తప్పుందని కూడ చూపియ్యదు. ఒకే పని చేసేటట్టు కనవడే రెంటికి ఇన్ని తేడాలు పెట్టినోళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది: "అన్నీ పోయినయ్ మామా." దాని కిందనే ఇంకోటి: "గని కిరోసిన్‌కు లైన్ ఎందుకు? దాంతోని ఏం జేస్తుండిరి?"