‘అ’ జారిపోయిన రోజులు

‘అన్యాయం’ అని రాసి ఉంటే నేను ‘న్యాయం’ అని చదివేదాన్ని. ‘అసాధ్యం’ కాస్తా ‘సాధ్యం’ అయిపోయేది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, స్ట్రోక్ వచ్చిన కొత్తలో పేపర్లో సగం వార్తలు నాకు తలకిందులుగా అర్థమయ్యేవి.

కళ్లజోడు మారిస్తే సరిపోతుందనుకున్నాను. కళ్ల డాక్టరేమో కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్నారు. దెబ్బ తగిలింది తల వెనక, మెదడు కుడి సగంలో. మనకు ఎడమ పక్కన ఉన్నదంతా, ఏ కంటితో చూసినా, కుడి మెదడుకే చేరుతుందట. అందుకే ఏ కన్ను మూసుకున్నా నాకు ఎడమ సగం లేదు. హెమియానోపియా అంటారు దీన్ని. చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్టులో చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కుతూనే ఉన్నాననుకున్నా. రిపోర్టు చూస్తే రెండు కళ్ల బొమ్మల్లోనూ ఎడమ పక్క మసి పూసినట్టుంది.

‘అటు చీకటిగా ఉంటుందా?’ అని అందరూ అడుగుతారు. ఇప్పుడు మీ తల వెనక ఏం కనిపిస్తోంది? చీకటా? కాదు కదా. నాకు ఎడమ పక్కా అంతే.

మెదడులో ఏ చోటు దెబ్బతింటే చూపులో ఏ ముక్క పోతుందో మొదట వివరంగా లెక్కగట్టినవాళ్లలో తత్సుజి ఇనౌయే అనే జపాన్ కళ్ల డాక్టరు ఒకరు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలలోంచి బుల్లెట్ దూసుకుపోయినా బతికిన సైనికులను పరీక్షించి, 1909లో ఆ పటం అచ్చేశారు. పాపం, ఎవరి తలల పుణ్యమో!

మొదటి కొన్ని నెలల్లో కొంత చూపు దానంతటదే తిరిగి రావచ్చన్నారు. నాకు అంచున కాస్త వచ్చి ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా వెతకడమే. పేజీ ఎడమ మార్జిన్లో థెరపిస్ట్ ఎర్ర టేపు అంటించింది. టేపు కనిపించేదాకా కళ్లు వెనక్కి పోవాలి, అప్పుడే చదవాలి. రోజూ అరగంట. మొదట్లో పది లైన్లకే తల దిమ్మెక్కేది. పోయిన చూపును తెప్పిస్తామనే కంప్యూటర్ ట్రైనింగులూ ఉన్నాయి గానీ, వాటి ఫలితాల మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. నేను టేపునే నమ్ముకున్నాను.

ఇప్పుడు టేపు లేకుండానే చదువుతున్నాను. గుమ్మాలకు ఎడమ భుజం తగలడం మాత్రం పూర్తిగా మానలేదు. నడిచేటప్పుడు మా అమ్మాయి కాపలాగా ఎడమ పక్కకే వస్తుంది. మాట్లాడాలనిపిస్తే మాత్రం ‘ఇటు రావే, కనపడటం లేదు’ అంటాను.