అమ్మ మా అమ్మేనని రుజువు చేసుకోవడం: నా అనుభవం

నిన్న బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ దాచుకున్న డబ్బు మా ముగ్గురి ఖాతాల్లోనూ పడింది. పెద్ద మొత్తమేం కాదు గానీ, దాని కోసం నేను తిన్న మాటలు ఇంకా అరగలేదు. అందుకే రాస్తున్నాను.

మరణ ధ్రువపత్రం సులువుగానే వచ్చింది. అమ్మ ఇంట్లోనే పోయింది కాబట్టి కబురు మేమే ఇవ్వాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు. తమ్ముడు పెద్దకర్మ కాకముందే సచివాలయంలో ఇచ్చొచ్చాడు. ఏడాది దాటనిస్తే మాత్రం మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి, జాగ్రత్త.

చిక్కంతా నామినీ దగ్గర వచ్చింది. ఖాతాకి నాన్న పేరే ఉండిపోయింది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడైతే, 2025 నవంబరు 1 నుంచి, ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ల పాసుపుస్తకాలు ఈరోజే తీసి చూడండి. మాకు నామినీ లేనట్టే కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అంటే పోయినవాళ్ల కుటుంబ సభ్యులెవరో రాసి తహసీల్దారు ఇచ్చే కాగితం, తెమ్మన్నారు. అది తెచ్చాక బ్యాంకు వాళ్లు పెద్దగా తిప్పలేదు, ఆ మాట చెప్పుకోవాలి. తిప్పింది తహసీల్దారు కార్యాలయం.

అక్కడి గుమస్తా నాకంటే చాలా చిన్నవాడు. కాగితాలు తిరగేసి, తలెత్తకుండానే, "అన్నదమ్ములు లేరా? వాళ్లని పంపు. పెళ్లయిపోయిన ఆడమనిషివి, నీకెందుకీ తిరుగుడు" అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్లలో మా ఊరివాళ్లూ ఉన్నారు. తల్లి ఆస్తిలో కూతురికీ కొడుక్కీ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉందని చెప్పాను. చట్టం మాటెత్తినందుకు కోపం వచ్చినట్టుంది. "అయితే ఈవిడ మీ అమ్మేనని ఏటి రుజువు?" అని గట్టిగా అడిగాడు.

ఏం చూపించను? నా ఆధార్‌లో అత్తారింటి పేరు. రేషన్ కార్డులోంచి పెళ్లి కాగానే నా పేరు తీసేశారు. టెన్త్ సర్టిఫికెట్‌లో నాన్న పేరే ఉంది. పైగా అమ్మ పేరుకి ముందు ఆధార్‌లో 'అప్పల' ఉంది, పాసుపుస్తకంలో లేదు. సింహాద్రి అప్పన్నని కొలిచే మా విజయనగరం వైపు ఇంటికొకరికైనా ఆ పేరు కలుస్తుంది, ఆ సంగతి ఆ కుర్రాడికి తెలియకపోదు. "ఇద్దరు వేరువేరు మనుషులేమో" అన్నాడు. మంచాన పడ్డ అమ్మకి నీళ్లుపోసి జడేసిన దాన్ని, జిరాక్సు షాపు పక్కన నిలబడి ఏడ్చాను.

అమ్మే ఆ కిటికీ దగ్గర నిలబడి ఉంటే కథ వేరేగా ఉండేది. "ఎవరి తాలూకు నాయనా?" అని మొదలెట్టి, వాడి ఊరు, అత్తవారి ఊరు లాగి, ఎక్కడో ఒకచోట చుట్టరికం కలిపేది. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజున బస్సులో పరిచయమైన వాళ్లని కూడా ఇంటికి తీసుకొచ్చి పులిహోర పెట్టేది. మా అబ్బాయి అమ్మమ్మతో సంతకి వెళ్లనని మొరాయించేవాడు, దారిలో ప్రతి అరుగు దగ్గరా ఆగాలని.

పేరు తేడాకి నోటరీ అఫిడవిట్ ఇచ్చాం. తర్వాత విచారణకని వీఆర్వో మా వీధికి వచ్చాడు. ఆయనకి కావలసింది ఇద్దరు సాక్షులు. మోకాలి మీద అట్ట పెట్టుకుని అరుగు మీద కూర్చునేసరికి వీధి వీధంతా వచ్చేసింది. ఆటో నడిపే అబ్బాయి తన పెళ్లి సంబంధం కుదిర్చింది అమ్మేనని చెప్పాడు. కూరలమ్మే ఆవిడ, ఎవరూ అడక్కుండానే, స్టాంపు ప్యాడు లాక్కుని వేలు అద్దేసింది. ఎదురింటి పిన్ని మజ్జిగ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "రాసుకో బాబూ, ఈ గుంట పుట్టినప్పుడు మంత్రసాని పక్కన దీపం పట్టుకున్నది నేనే" అంది. ఆ గుంటకి ఇప్పుడు తల సగం నెరిసింది. "ఇద్దరు చాలమ్మా, ఇద్దరు చాలు" అని ఆయన మొత్తుకుంటూనే మజ్జిగ తాగాడు. ఆయన మంచివాడు, ఆ మాటా రాయాలి. పంచనామాలో మా ముగ్గురి పేర్లూ, నాది ముందు పెట్టి, రాశాడు.

ఆ తర్వాత సర్టిఫికెట్ ఆగలేదు. కాగితం అందిస్తూ ఆ గుమస్తా, "మరి మాకేటీ లేదా?" అని నవ్వాడు. అమ్మయితే అరటిపళ్ల అత్తమైనా చేతిలో పెట్టేది. నేనేం పెట్టలేదు.